మాల్ట్ పొట్టు

2022 ఆషాఢమాసం. పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వదిలి రెండు సందులు లోపలికి తిరిగితే ఒక పాత మేడ ఉండేది. కింద ఫొటోస్టాట్ షాపు, మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు, రెండో అంతస్తులో మా ల్యాబ్. బోర్డు మీద ‘ధాన్యాల పరిశోధన’ అని ఉండేది. మేం పనిచేసేది బీరుకు వాడే ధాన్యాల మీద. ఆ మాట బోర్డు మీద రాస్తే ఓనరు అద్దెకివ్వడని మా డైరెక్టరుగారు జాగ్రత్తపడ్డారు.

నా ఉద్యోగం ఏమిటో తెలియగానే చుట్టాలు ముందుగా అడిగేది ఒకటే, రోజూ తాగి చూడాలా అని. ఇరవై ఏళ్ళలో నేను తాగినదంతా కలిపినా ఒక చెంబుకు మించదు. నాకు ఆ చేదు పడదు. నా పని బీరుతో కాదు, దానికి ముందుండే మాల్ట్‌తో. గింజను నానబెట్టి, మొలకెత్తించి, మొలక ఇంకా పొడుగు సాగకముందే వేడిగాలితో ఆరబెడితే అది మాల్ట్. పసిపిల్లలకని రాగులు మొలకకట్టి, ఆరబోసి, పిండి పట్టించే మన ఆడవాళ్ళందరూ చేసేది మాల్టింగే. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను తిని ఈస్ట్ దాన్ని పులియబెడుతుంది. మాల్ట్ బాగోకపోతే ఆ తర్వాత ఎంత గొప్ప బ్రూవరీ అయినా చేసేదేమీ లేదు.

ఆరిన గింజకు సన్నటి వేళ్ళూ, ఎండిన మొలకా అంటుకుని ఉంటాయి. వాటిని రుద్ది, జల్లెడపట్టి వేరుచేస్తాం. మా వృత్తిలో వాటిని కల్మ్స్ అంటారు. చూడటానికి గోధుమరంగు పొట్టులా, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి. నా మొదటి ఉద్యోగం ఉత్తరాదిలో ఒక బార్లీ మాల్ట్ ఫ్యాక్టరీలో. అక్కడ పొద్దున్నే గేటు ముందు పాలవాళ్ళు ఈ కల్మ్స్ కోసం వరసకట్టేవాళ్ళు. బార్లీ వేళ్ళలో మాంసకృత్తులు ఎక్కువ, పశువులు ఇష్టంగా తింటాయి. నాకు పాత బ్రూవరీల చరిత్ర చదివే పిచ్చి కూడా ఉంది. ఏ దేశం బ్రూవరీ గురించి చదివినా ఇదే కనిపించేది. వేళ్ళు పశువులకు, పిప్పి పశువులకు, ఏదీ పారెయ్యరు. మా వృత్తిలో నాకు బాగా నచ్చిన అలవాటు అది. దాన్ని నాతోపాటు హైదరాబాదుకు తెచ్చుకున్నాను.

బల్కంపేటలో, ఎల్లమ్మ గుడికి వెనకవైపు సందుల్లో, బాలమణి అనే ఆవిడకు బర్రెల కొట్టం ఉంది. అపార్టుమెంట్ల మధ్య రేకులు కప్పిన కొట్టం, ఆరు గేదెలు. భర్త పోయాక ఆవిడా, తమ్ముడు నర్సింగూ కలిసి దాన్ని నడిపేవాళ్ళు. నర్సింగ్‌కు నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. పాలు పిండటం, ట్రాలీ ఆటోలో ఊరిబయట నుంచి పచ్చిగడ్డి తేవడం అతని పని. అమీర్‌పేటలోని హాస్టళ్ళకు పాలు పోయడం ఆవిడ పని. మా ల్యాబ్ కాఫీకి కూడా ఆవిడ పాలే వచ్చేవి. ఏడాది కింద ఒకరోజు పాలు పోస్తూ మూలన ఉన్న కల్మ్స్ సంచిని చూసి, ఇదేందని అడిగింది.

“మాల్ట్ పొట్టు. పశువులకు మంచి దాణా. పట్టుకెళ్తారా?” అన్నాను.

అప్పటినుంచీ ఆ సంచి ఆవిడదే. పదిహేను రోజులకొకసారి నర్సింగ్ వచ్చి, మెట్ల మీదుగా భుజాన మోసుకుపోయేవాడు. బోడిదానికి ఇదంటే ప్రాణం మేడం అని ఒకసారి చెప్పాడు. బోడిది అంటే కొమ్ముల్లేని గేదె. అతని గేదెల పేర్లన్నీ అట్లాగే ఉండేవి, బోడిది, చుక్కది, పెద్దది.

ఆ ఏడు మాకు కొత్త పని వచ్చింది. నగరంలో చిన్న బ్రూవరీలు పెరిగాయి. బార్లీ మాల్ట్ అంతా బయటినుంచి రావాలి. మన జొన్నతో మాల్ట్ చేస్తే ఎట్లా ఉంటుందో చూడమని మాకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. జూన్ నెలంతా జొన్నను ఎన్ని గంటలు నానబెట్టాలి, ఎంత వెచ్చదనంలో మొలకెత్తించాలి అన్న లెక్కల్లోనే గడిచింది.

జొన్నతో ఒక ఇబ్బంది ఉంది. అది మొలకెత్తేటప్పుడు మొలకలోనూ, వేళ్ళలోనూ ఒక పదార్థం పుడుతుంది. నమిలినా, నీళ్ళు తగిలి నలిగినా అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. గింజలో అది దాదాపు ఉండదు. అందుకే జొన్న మాల్ట్‌కు వేళ్ళూ మొలకా పూర్తిగా తీసెయ్యాలని అన్ని పుస్తకాలూ చెబుతాయి. నాకు ఆ సంగతి తెలుసు. తెలియకపోవడం కాదు. శుభ్రం చేసిన మాల్ట్‌ను పరీక్షించి, సైనైడ్ జాడ లేదని నోటుబుక్‌లో ఎర్ర సిరాతో గీతగీసి రాసుకున్నాను కూడా. వేళ్ళతోపాటే పోయింది అని ఆ పక్కనే రాశాను.

ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న నాకు రాలేదు. వేళ్ళు ఎప్పటిలాగే జల్లెడ కిందనుంచి సంచిలో పడ్డాయి. సంచి ఎప్పటిలాగే మూలకు చేరింది. నర్సింగ్ వచ్చి ఎప్పటిలాగే మోసుకుపోయాడు. ఒక చేత్తో విషం తీసేశానని రాసుకుని, రెండో చేత్తో దాన్నే మూటకట్టి పంపాను. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ వారం చుక్కది చనిపోయింది. ఆ సంగతి నాకు బాలమణి పాలు పోస్తూ చెప్పింది. పొద్దున దాణా తిని, గంట తిరక్కముందే ఊగి, నురగలు కక్కి పడిపోయిందట. డాక్టరు వచ్చేసరికి ఊపిరి లేదు. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. నేను అయ్యో అన్నాను. పాము కరిచిందేమో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, “పాము కాదు మేడం. నా తమ్ముడే సంపిండు,” అంది.

తర్వాత తెలిసిన కథ ఇది. చుక్కది పడ్డ తీరు చూసి బాలమణి ఇది నాము అని పోల్చుకుంది. ఆవిడ పుట్టిన ఊళ్ళో అట్లా పడ్డ పశువులను చిన్నప్పుడు చూసింది. వానలు వెనకపట్టి గిడసబారిన లేత జొన్నను రైతులు అగ్గువకు అమ్ముకుంటారు, నర్సింగ్ ధరకు ఆశపడి అది తెచ్చాడని ఆవిడ లెక్క. అతను తేలేదన్నాడు. మొక్కజొన్న, గడ్డి తప్ప ఇంకేమీ తేలేదన్నాడు. ఆవిడ నమ్మలేదు. నలుగురు చూస్తుండగా చెయ్యి పట్టుకుని ఎల్లమ్మ గుడి దాకా తీసుకుపోయి, అమ్మవారి ముందు ఒట్టు పెట్టమంది. అతను పెట్టలేదు. చెయ్యి విడిపించుకుని అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

ఒట్టు పెట్టకపోవడంతో ఆవిడకు అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. తర్వాతి సంచికి నర్సింగ్ రాలేదు. ఆవిడే షేర్ ఆటోలో వచ్చి తీసుకెళ్ళింది. అది బరువుగా ఉందని నేను కూడా ఒక చెయ్యి వేసి మెట్లు దింపాను.

రెండు రోజుల తర్వాత ఎల్లమ్మ కల్యాణం. అమీర్‌పేట నుంచి బల్కంపేట దాకా రోడ్లన్నీ జనంతో నిండిపోయిన రోజు. పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్‌లో ట్రేల ముందు ఉన్నాను. పాలు రాలేదు. కాసేపటికి బాలమణి ఫోను చేసింది.

“మేడం, ఇయ్యాల పాలు రావు. బోడిది పడ్డది. ఇంకోటి సుత ఊగుతున్నది. డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేసిన, ఎర్రగడ్డ కాడ ఇరుక్కున్నడట.”

“ఏమైంది దానికి?”

“మల్ల అదే. నాము.”

మాది కృష్ణా జిల్లాలో ఒక పట్నం. నాన్నది బ్యాంకు ఉద్యోగం. నాకు గేదెను కట్టేయడం కూడా రాదు. “నాము అంటే ఏంటి బాలమణి గారూ?” అని అడిగాను.

“లేత జొన్న తింటే ఎక్కుతది మేడం. జొన్న మొలకల ఉంటది ఆ ఇసం.”

నా ఎదుట ట్రేలో నాలుగు రోజుల జొన్న మొలకలు ఉన్నాయి. తెల్లటి వేళ్ళు ఒకదానికొకటి చుట్టుకుని దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. నేను ఫోను పట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ అవతలినుంచి మేడం, మేడం అంటోంది.

“ఆ మాల్ట్ పొట్టు పెట్టకండి. తొట్టిలో ఉంటే తీసెయ్యండి. అన్నిటి తొట్ల నుంచీ,” అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. గాభరాలో ఉంది. డాక్టరు నంబరు మాత్రం ఇమ్మన్నాను.

పశువుల డాక్టరు ఫోనెత్తి నేను ఎవరో విని, ల్యాబ్ అనగానే ఒకటే అడిగాడు. “సోడియం థయోసల్ఫేట్ ఉంటుందా మీ దగ్గర?” ఉంది. మాల్ట్ ఎంజైముల బలాన్ని కొలిచే పరీక్షలో మేం రోజూ వాడే మందు అది. అది సైనైడ్‌ను పట్టుకుని పెద్దగా హానిలేనిదిగా మారుస్తుంది. “నా దగ్గర ఇంజెక్షన్ ఉంది, కానీ నేను ఎప్పటికి చేరతానో తెలీదు. దాన్ని నీళ్ళల్లో కలిపి తాపించండి. తల మరీ పైకెత్తొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది,” అని, ఎంత కలపాలో చెప్పాడు.

సీసా సంచిలో వేసుకుని బయల్దేరుతూ మా డైరెక్టరుగారికి ఫోను చేశాను. ఆయన చెడ్డమనిషి కాదు. అంతా విన్నారు. తర్వాత, “వెళ్ళి సాయం చెయ్యండి. కారణం మాత్రం ఇప్పుడే చెప్పకండి. ముందు పరీక్ష చేద్దాం. పరీక్ష లేకుండా చెప్పడం మన పద్ధతి కాదు కదా,” అన్నారు. ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో రాయడానికి సిగ్గుపడుతున్నాను. నిజమే కదా, పరీక్ష చెయ్యందే ఎట్లా చెబుతాం అనుకుంటూ మెట్లు దిగాను.

పంజాగుట్టలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాను. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్ళను తోసుకుంటూ, అక్కణ్ణించి నడక. బోనాల జాతరకు వచ్చినంత జనం. నేను సీసాను రెండు చేతులా గుండెకు పట్టుకుని ఎవరెవరినో దాటుకుంటూ పోయాను. మొక్కు ఏదో ఉందనుకుని కొందరు దారి ఇచ్చారు.

కొట్టంలో బోడిది పక్కకు ఒరిగి పడి ఉంది. ముక్కుపుటాలు పెద్దవై, ఊపిరి ఎగదీస్తోంది. బాలమణి దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక పెద్దది కాళ్ళు ఎడంగా పెట్టి ఊగుతోంది. బక్కెట్లో మందు కలిపాను. ఖాళీ బీరుసీసా ఒకటి గూట్లోంచి తీసింది బాలమణి. పశువులకు మందు తాపడానికి ఆ సీసా మెడ సరిగ్గా సరిపోతుందట. ఆవిడ దవడ పక్కనుంచి సీసా పెట్టింది, నేను తల పట్టుకున్నాను. కొంచెం కొంచెంగా పోశాం. సగం బయటికి కారింది. ఆ తర్వాత పెద్దదానికి పోశాం. పెద్దది మింగింది.

ఎంతసేపైందో తెలీదు. డాక్టరు వచ్చి మెడ నరంలో ఇంజెక్షన్లు ఇచ్చాడు. కొంతసేపటికి బోడిది ముందుకాళ్ళు మడిచి, తల నిలబెట్టింది. ఇంకాసేపటికి లేచి నిలుచుంది. ముందుగా మందు పడకపోతే తాను వచ్చి చేసేదేమీ లేకపోయేదని అన్నాడు డాక్టరు.

బాలమణి నా రెండు చేతులూ పట్టుకుంది. “ఎల్లమ్మే పంపినట్టు వచ్చినవ్ తల్లీ,” అంటూ వాటిని కళ్ళకద్దుకుంది. నేను చేతులు లాక్కోలేకపోయాను.

డాక్టరు ఇంజెక్షన్ సామాను సర్దుకుంటూ, పచ్చిమేత ఏం పెట్టారని అడిగాడు.

“పచ్చిమేతే పెట్టలే డాక్టర్ సాబ్. చుక్కది సచ్చినప్పటిసంది ఎండుగడ్డే. మా తమ్ముడు పోయిండు, పచ్చిది తెచ్చేటోళ్ళు ఎవరున్నరు?”

“మరి ఇది ఎట్లా వచ్చింది?”

ఆవిడకు జవాబు తెలీదు. నాకు తెలుసు. పరీక్ష చేద్దాం అన్న డైరెక్టరుగారి మాట ఇంకా చెవిలో ఉంది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పూటకు ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆవిడ చేతుల తడి నా చేతుల మీద ఇంకా ఆరలేదు.

“నేనిచ్చిన సంచి వల్ల వచ్చింది,” అన్నాను. “పోయిన రెండు సంచులూ జొన్నవి. జొన్న మొలకల వేళ్ళు. చుక్కది కూడా దానివల్లే పోయింది. నర్సింగ్ తప్పేమీ లేదు.”

డాక్టరు సర్దడం ఆపి నావైపు చూశాడు. బాలమణి లేచి, మూలన పెట్టిన సంచి దగ్గరికి వెళ్ళి, గుప్పెడు పొట్టు తీసి అరచేతిలో పరిచింది. వేలితో అటూ ఇటూ జరిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ ఎండిన వేళ్ళలో ఆవిడకు తెలిసిన జొన్న మొలక ఏ కోశానా కనిపించదు. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

“మాల్ట్ పొట్టంటివి కద మేడం.”

“అవును.”

“జొన్న అని ఒక్క మాటంటే నేనే వద్దందును కద.”

ఆవిడ అరవలేదు. కోపంగా కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. పుస్తకాలు చదివి, పరీక్షలు చేసి నేను తెలుసుకున్నది ఆవిడకు ఏడెనిమిదేళ్ళ వయసులోనే తెలుసు. మా ఇద్దరికీ తెలిసిన ఒక్క సంగతి మా ఇద్దరి మధ్యలోంచి సంచిలో దాటిపోయింది. నేను దాని మీద మాల్ట్ అన్న పేరు వేసి ఇవ్వడం వల్ల ఆవిడ దాన్ని గుర్తుపట్టలేకపోయింది.

చాలాసేపు ఆవిడ బోడిదాని వీపు నిమురుతూ నిలబడింది. నేను పోలేక, ఉండలేక తొట్టి పక్కన నిలబడ్డాను. చివరికి నావైపు తిరక్కుండానే అడిగింది. “నాకు చెప్పినవ్. మా తమ్మునికి ఎవరు చెప్తరు?”

“మీరు చెప్పండి, లేదా...”

“నా మొకం సూడడు. మీరే పోయి చెప్పుండ్రి. కృష్ణానగర్ల ఉంటున్నడట.”

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌కు వచ్చి పరీక్ష చేశాను. పొట్టును నలిపి, నీళ్ళు చల్లి, సీసాలో వేసి, మందు పట్టించిన పసుపు కాగితం ముక్కను పైన వేలాడదీసి మూత పెడతాం. సైనైడ్ ఉంటే కాగితం ఎరుపెక్కుతుంది. మామూలుగా గంటలు ఆగి చూసే పరీక్ష. ఆ రోజు నేను చేతులు కడుక్కుని వచ్చేసరికే రంగు మారడం మొదలైంది. సాయంత్రానికి ఇటుకరంగుకు తిరిగింది. దాన్ని తీసుకెళ్ళి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. ముందే చెప్పేశానని కూడా చెప్పాను. ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి, “మంచిదే,” అన్నారు. చచ్చిపోయిన గేదెకు సంస్థ పరిహారం ఇచ్చింది. అందులో ఆయన ఆలస్యం చెయ్యలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు కృష్ణానగర్ వెళ్ళాను. సినిమా షూటింగులకు మనుషులను తీసుకెళ్ళే వ్యాన్లు అక్కడ ఆగుతాయి. లైట్లు మోసేవాళ్ళు, సెట్టు పనివాళ్ళు, వేషాల కోసం వచ్చినవాళ్ళు టీకొట్టు చుట్టూ నిలబడి ఉన్నారు. నర్సింగ్ ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

“మాల్ట్ మేడం కదా. ఏంది ఇట్లొచ్చిన్రు?”

నిలబడే అంతా చెప్పాను. ఏమీ దాచలేదు. అతను నేల చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక, “బోడిది ఎట్లున్నది?” అని అడిగాడు.

“లేచింది. మేత తింటోంది.”

“మందు తాపినప్పుడు పొరపోలేదు కద?”

“లేదు.”

కాసేపు టీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పాడు. “అంటే చుక్కదానికి ఆ సంచి మోసుకపోయింది నేనే. దోసిట్ల పట్టి ఆ పొద్దు దానికే ఎక్కువ పెట్టింది సుత నేనే.”

“మీకు తెలీదు కదా నర్సింగ్ గారూ. తెలిసుండాల్సింది నాకు.”

“అక్క పంపిందా?”

“నన్నే వెళ్ళి చెప్పమంది.”

అతను తల ఊపాడు. “మీరు ఒక్క మాట చెప్తే నమ్మింది. నేను నలభై ఏండ్ల సంది ఆమె తమ్ముణ్ణి. గుడికాడికి పట్టుకపోయి ఒట్టు పెట్టుమన్నది.” గ్లాసు అరుగు మీద పెట్టాడు. “పెడుతుంటి మేడం. ఒట్టు పెట్టుడు ఎంతసేపు? కానీ పెడితే, అది లేకుంటే నా మాటకు ఇలువ లేదన్నట్టే కద.”

క్షమించమన్నాను. అతను అది విన్నాడో లేదో. వ్యాను వచ్చింది. జర పోవాలె అని చెప్పి ఎక్కేశాడు.

జొన్న మాల్ట్ ప్రాజెక్టు ఆ ఏడాది చివరికి పూర్తయింది. మాల్ట్ బాగా వచ్చింది. పేపరు రాసేటప్పుడు, వేరుచేసిన వేళ్ళను ఏంచేశామన్న చోట, వాటిని తిని ఒక గేదె చనిపోయిందనీ, ఇద్దరు మనుషులు విడిపోయారనీ రాశాను. రెండో సగం శాస్త్రం కాదని డైరెక్టరుగారు కొట్టేశారు. మొదటి సగం ఉంచారు. అదీ తీసేస్తే పేపరు మీద నా పేరు వద్దన్నాను. ఇప్పుడు మా ల్యాబ్ నుంచి బయటికి పోయే ప్రతి సంచి మీదా, అది చెత్త అయినా సరే, ఏ గింజదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. జొన్న వేళ్ళను నేనే దగ్గరుండి తగలబెట్టిస్తాను.

నర్సింగ్ కొట్టానికి తిరిగి వచ్చాడని దసరా రోజుల్లో విన్నాను. పొద్దున వచ్చి పాలు పిండి వెళ్ళిపోతాడట. అక్క ఇంట్లో తినడు. కృష్ణానగర్ గది వదల్లేదు. బాలమణి మా ల్యాబ్‌కు పాలు మానెయ్యలేదు. నాతో మాత్రం మునుపటిలా నాలుగు మాటలు చెప్పి పోదు. పాలు పోసి, పైసలు తీసుకుని వెళ్ళిపోతుంది. నేనూ ఏమీ అడగను.

ఒక మధ్యాహ్నం నర్సింగ్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో మూత ఉన్న స్టీలు గిన్నె. జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న బ్రూవరీ వాళ్ళు బీరు కాచాక మిగిలే పిప్పిని ఊరికే ఇస్తామన్నారట. అందులో కొంచెం తెచ్చాడు.

“అక్క పంపిందా?” అన్నాను.

“లేదు. నేనే వచ్చిన.”

“అక్కతో మాట్లాడుతున్నారా?”

“బర్రెల ముచ్చట మాట్లాడుతం,” అన్నాడు.

గిన్నె మూత తీశాను. తడిగా, ఇంకా కాస్త వెచ్చగా ఉంది. ఇది స్పెంట్ గ్రెయిన్ అంటూ మొదలుపెట్టబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ పేర్లు నాకెందుకు మేడం. గింజ పేరు చెప్పుండ్రి.”

గుప్పెడు తీసి తెల్ల పళ్ళెంలో పరిచాను. పొట్టు ఆకారం చూశాను. భూతద్దం కింద పెట్టి చూశాను. ఆ బ్రూవరీకి ఫోను చేసి, ఆ రోజు ఏమేం వేశారో చదివించుకున్నాను. మళ్ళీ ఒకసారి పళ్ళెం చూశాను. అతను తొందరపెట్టలేదు, గోడకానుకుని నిలబడ్డాడు.

“బార్లీ. కొంచెం గోధుమ. ఇంకేమీ లేదు,” అన్నాను.

“బార్లీ, గోధుమ,” అని తనలో తాను ఒకసారి అనుకున్నాడు. నా మొహం వైపు ఒక క్షణం చూసి, గిన్నెకు మూత పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.